ఎన్టీఆర్ వంద రూపాయల నాణెం: బజార్లో చెల్లుతుందా, డబ్బు పెట్టి కొనొచ్చా?

నాణెం పెట్టి ఇచ్చే అట్ట ఫోల్డర్ తెరవగానే ముందు ఆశ్చర్యపరిచేది దాని సైజు. 44 మిల్లీమీటర్ల వెడల్పు, 35 గ్రాముల బరువు. మనం రోజూ వాడే రెండు రంగుల పది రూపాయల బిళ్ల 27 మిల్లీమీటర్లు, 7.71 గ్రాములు ఉంటుంది. అలాంటివి నాలుగున్నర కలిపితే గానీ ఇది తూగదు. ఒకవైపు సింహాల ముద్ర, దాని కింద రూపాయి గుర్తుతో 100 అంకె. రెండోవైపు ఎన్టీఆర్ ముఖం, 1923-2023 అని సంవత్సరాలు. అంచు చుట్టూ 200 గీట్లు. గోరుతో మెల్లగా గీస్తే దువ్వెన పళ్ల మీద వేలు పోనిచ్చినట్టు ఉంటుంది. ముద్రించింది మన హైదరాబాద్ టంకశాలే. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి భవన్‌లో ద్రౌపది ముర్ము విడుదల చేశారు.

ఈ నాణెం గురించి జనంలో రెండు మాటలు నడుస్తున్నాయి. "అది ఉత్త మెడల్, దానికి డబ్బు విలువ లేదు" అనేది ఒకటి. "వంద రూపాయల నాణెమే కదా, వందకే ఇవ్వాలి, టంకశాల నాలుగు వేలు తీసుకోవడం మోసం" అనేది రెండోది. రెండూ తప్పే. ఎందుకు తప్పో తెలిస్తే ఈ నాణెం కొనాలో వద్దో కూడా తేలిపోతుంది. అందుకే పాలిష్, ప్యాకింగ్ సంగతికి ముందు చట్టం సంగతి చూద్దాం.

మన దేశంలో నాణేలన్నిటికీ ఆధారం 2011 నాటి నాణేల చట్టం. అందులో రెండో సెక్షన్ 'నాణెం' అంటే ఏమిటో చెబుతూ స్మారక నాణేన్నీ అందులోనే కలిపేసింది. స్మారక నాణెం అంటే ఒక సందర్భాన్ని గుర్తుచేస్తూ ప్రభుత్వం ముద్రించినది, దాని విలువ భారత కరెన్సీలో చెప్పి ఉన్నది. ఈ రెండో ముక్కే ప్రాణం. బిళ్ల మీద రూపాయల్లో అంకె ఉండాలి, ఆ అంకె వేసే అధికారం ప్రభుత్వానిదై ఉండాలి. నాలుగో సెక్షన్ ప్రకారం అంకె 1,000 రూపాయలు దాటకూడదు. ఆ లోపు ఎంతైనా వేయొచ్చు. అందుకే అంబేడ్కర్ 125వ జయంతికి 125 రూపాయలు, గురునానక్ 550వ జయంతికి 550, కొత్త పార్లమెంటు భవనానికి 75, రిజర్వ్ బ్యాంకు 90 ఏళ్లకు 90 వచ్చాయి. తంజావూరు బృహదీశ్వరాలయం వెయ్యేళ్ల నాణెం ఏకంగా ఆ పైమెట్టు మీదే, వెయ్యి రూపాయల దగ్గరే నిలబడింది.

ఎన్టీఆర్ నాణేనికి కొలతలు, లోహం, బొమ్మ వివరిస్తూ గెజిట్‌లో నిబంధనలు వచ్చాయి. దాని మీద వంద అంకె ఉంది. కాబట్టి అది నాణెమే. లీగల్ టెండరే, అంటే చట్టప్రకారం చెల్లే డబ్బే. మెడల్ అన్నవాళ్ల మాట ఇక్కడితో సరి.

అయితే లీగల్ టెండర్ అంటే మనవాళ్లు అనుకునేంత పెద్ద వరం కాదు. ఆరో సెక్షన్ దానికి హద్దులు గీసింది. రూపాయి, ఆపై విలువ గల నాణేలు ఒక చెల్లింపులో మొత్తం 1,000 రూపాయల వరకే చెల్లుతాయి. అర్ధరూపాయి నాణేలైతే 10 రూపాయల దాకానే. అంటే ఎవరికైనా 1,500 బాకీ ఉంటే ఎన్టీఆర్ నాణేలు పది ఇచ్చి, మిగతా 500 నోట్లలోనో ఫోన్లోనో ఇవ్వాలి. పదిహేను నాణేలు బల్ల మీద పెట్టి "చట్టం ప్రకారం తీసుకో" అనడానికి లేదు. రెండో షరతు నాణెం స్థితి గురించి. అది చెక్కకుండా, చెడగొట్టకుండా ఉండాలి, బరువు నిర్ణీత హద్దు కంటే తగ్గకూడదు. అభిమానులు కొందరు దీనికి కొక్కెం అతికించి గొలుసులో వేసుకుంటున్నారు. సోల్డరింగ్ పడినా, బెజ్జం పడినా అది చెడిన నాణెం కింద లెక్క. చెల్లుబాటు పోతుంది, సేకరణ విలువా పోతుంది, పైగా నాణేన్ని చెల్లింపుకు తప్ప మరోదానికి వాడటమే పన్నెండో సెక్షన్ నిషేధాల్లో ఒకటి. దయచేసి ఆ పని చేయకండి. అంత అందమైన బొమ్మ పాడైపోతుంది.

మరి కిరాణా కొట్టులో ఇస్తే? కొట్టువాడు చాలావరకు తీసుకోడు. తప్పు అతనిది మాత్రమే కాదు, వంద రూపాయల నాణెం చలామణీలో ఎప్పుడూ లేదు. అతను దాన్ని ఇంకొకరికి చిల్లరగా ఇవ్వలేడు. "తీసుకోకపోతే దేశద్రోహం కేసు" అంటూ వాట్సాప్‌లో తిరిగే మాటలకు ఈ చట్టంలో ఆధారం లేదు. పన్నెండో సెక్షన్‌లో నిషేధాల జాబితా ఉంది, నిరాకరించడం అందులో లేదు. లీగల్ టెండర్ మాటకు అసలు బలం బాకీ తీర్చే చోట ఉంటుంది. సరుకు ఇంకా చేతులు మారకముందు బేరం కుదుర్చుకునే చోట ఆ బలం పెద్దగా పనిచేయదు.

బ్యాంకులో మాత్రం సంగతి వేరు. ఖాతాదారులు జమ చేసే నాణేలకు రిజర్వ్ బ్యాంకు పరిమితి పెట్టలేదు. ఎన్టీఆర్ నాణెం తీసుకెళ్లి కౌంటర్లో ఇస్తే మీ ఖాతాలో పడేది 100 రూపాయలు. కచ్చితంగా వందే. వెండికి ఒక్క పైసా కలపరు. ఇదీ చట్టం ఇచ్చే హామీ: ఎంత కిందికి జారినా వంద దగ్గర ఆగుతుంది.

ఇప్పుడు అసలు చిక్కుముడి. ఈ నాణెంలో 50 శాతం వెండి, 40 శాతం రాగి, 5 శాతం నికెల్, 5 శాతం జింకు. 35 గ్రాముల్లో సగం అంటే 17.5 గ్రాముల వెండి. గ్రాము వెండి 100 రూపాయలైతే లోపల 1,750 రూపాయల వెండి ఉన్నట్టు, 200 అయితే 3,500. పైన రాసినది వంద, లోపలున్నది వేలు. "అయితే కరిగిస్తే లాభమే కదా" అని ఎవరికైనా అనిపిస్తుంది. సరిగ్గా అక్కడే చట్టం తలుపు వేసేసింది. నాణేన్ని కరిగించడం, నాశనం చేయడం, కరిగించిన ముద్ద దగ్గర పెట్టుకోవడం అన్నీ నేరాలే. శిక్ష ఏడేళ్ల జైలు దాకా, జరిమానా అదనం. అదే వెండితో చేసిన గిన్నెనో గ్లాసునో కరిగిస్తే ఎవరూ అడగరు. ఇది నాణెం కాబట్టే అడుగుతారు.

అంటే లీగల్ టెండర్ హోదా దీనికి వంద రూపాయల నేల వేసింది, దాంతోపాటే లోపలి వెండికి తాళం వేసింది. ఈ నాణెం కొనేవాళ్లు ముందు అర్థం చేసుకోవాల్సింది ఇదే. ఇందులో వెండి ఉంది, ఆ వెండి మీ చేతికి రాదు. వెండి ధర పెరిగింది కదా అని దీని ధరా అదే వేగంతో పెరుగుతుందని లెక్కేసుకుంటే దెబ్బతింటారు. ఇది పెరిగేది మరో సేకర్త దీన్ని కోరుకున్నప్పుడే.

ఇక ధర. విడుదలైనప్పుడు టంకశాల పెట్టిన రేట్లు మూడు: మామూలు ముద్రణ ఫోల్డర్ ప్యాక్ 4,050 రూపాయలు, అద్దంలా మెరిసే 'ప్రూఫ్' ముద్రణ ఫోల్డర్ 4,380, చెక్క పెట్టెలో 4,850. ఆ రోజుల్లో వెండి గ్రాము 75 రూపాయల దరిదాపుల్లో ఉంది. 17.5 గ్రాములకు సుమారు 1,310 రూపాయలు. మిగిలిన 2,700 పైచిలుకు అచ్చు తయారీకి, ముద్రణకు, ప్యాకింగ్‌కు, పన్నుకు, ముఖ్యంగా ఆ పేరుకు కట్టినట్టు. వెండి ఒక్కటే ఈ ధరను మోయాలంటే 4,050 ప్యాక్‌కు గ్రాము 231 రూపాయలు దాటాలి, చెక్క పెట్టెకు 277 దాటాలి. ఈరోజు రేటు చూసి మీరే లెక్క కట్టుకోండి, కాకపోతే తాళం మాట మరిచిపోకండి.

వందకే ఎందుకు ఇవ్వలేదంటారా? లోపల వెయ్యి పైన వెండి పెట్టి వందకు ఇస్తే ఆ సాయంత్రానికి ఒక్కటీ మిగలదు, చట్టం ఉన్నా సగం కొలిమిలోకి పోతాయి. ముఖవిలువకే, అంటే మీద రాసిన అంకెకే దొరికే స్మారక నాణేలూ ఉన్నాయి. 2012 వైష్ణోదేవి అయిదు, పది రూపాయలు, 2015 యోగా దినోత్సవం పది రూపాయలు అలాంటివే. అవి చవక లోహంతో చేసినవి, చిల్లరగా మన జేబుల్లోకి వచ్చినవి. మన ఊళ్లలో పది రూపాయల బిళ్లల్ని చాలాకాలం కొట్లలో, బస్సుల్లో తీసుకోకపోవడానికి ఈ వైవిధ్యం కూడా ఒక కారణం. ఒకదాని మీద రూపాయి గుర్తు ఉంటుంది, ఇంకోదాని మీద ఉండదు. ఒకదాని మీద పది గీతలు, మరోదాని మీద పదిహేను. చూసినవాళ్లు దొంగ నాణెం అనుకున్నారు. రిజర్వ్ బ్యాంకు 2018 జనవరిలో 14 డిజైన్ల పది రూపాయల నాణేలూ చెల్లుతాయని ప్రకటించాల్సి వచ్చింది. 14440 నంబరుకు ఫోన్ చేస్తే ఆ సంగతి చెప్పే ఏర్పాటూ చేసింది.

నాణ్యత విషయంలో మా అభిప్రాయం స్పష్టం. కొంటే ప్రూఫ్ ఫోల్డరే కొనండి. ప్రూఫ్ అంటే పాలిష్ చేసిన అచ్చులతో, పాలిష్ చేసిన బిళ్ల మీద, ఒకటికి మించి దెబ్బలతో ముద్రించేది. నేపథ్యం అద్దంలా, బొమ్మ మంచు పట్టినట్టు మసకగా వస్తుంది. ముఖచిత్రం ఉన్న నాణేలకు ఈ తేడా బాగా తెలుస్తుంది. దీపం కింద కొద్దిగా వంచి చూడండి, అద్దం నల్లబడి ముఖం తెల్లగా పైకి లేస్తుంది. మామూలు ముద్రణలో రెండూ ఒకే మెరుపుతో కలిసిపోతాయి. ధర తేడా 330 మాత్రమే. చెక్క పెట్టెకు ఇంకో 470 కట్టడం ఎవరికైనా బహుమతిగా ఇచ్చేటప్పుడు తప్ప అనవసరం. కొన్ని రకాల చెక్క, జిగురు నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి రాగి కలిసిన వెండిని మెల్లగా మసకబారుస్తుంది కూడా. పెట్టె తీసుకున్నా నాణేన్ని గాలి చొరబడని 44 మిల్లీమీటర్ల క్యాప్సూల్లో పెట్టి, తర్వాత పెట్టెలో ఉంచండి.

50 శాతం వెండి మిశ్రమంతో వచ్చే పెద్ద ఇబ్బంది నల్లబడటం. గాలిలోని గంధకం వెండిని, రాగిని రెండిటినీ పట్టుకుంటుంది. సముద్రపు గాలి తగిలే విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు తేమ ఎక్కువ కాబట్టి ఇంకా తొందరగా పడుతుంది. రబ్బరు బ్యాండు, ఉన్ని గుడ్డ, అగ్గిపెట్టె దగ్గర్లో ఉండకూడదు. మెత్తటి పీవీసీ కవర్లో పెడితే ఏడాది రెండేళ్లకు ఆకుపచ్చ జిగురు పడుతుంది, అది లోహాన్ని తినేస్తుంది. ప్లాస్టిక్ కవరు కొత్త షవర్ కర్టెన్ వాసన వేస్తే అది పీవీసీ అని అనుమానించి పక్కన పెట్టండి. చిన్న సిలికా జెల్ పొట్లం పెట్టి, ఆరు నెలలకోసారి మార్చితే చాలు.

శుభ్రం చేయకండి. ఇది ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. పూజ వెండి సామాన్లలాగే దీన్నీ విభూదితోనో, చింతపండుతోనో, పళ్లపొడితోనో రుద్దేవాళ్లున్నారు. ప్రూఫ్ అద్దం మీద సన్నటి గీతలు వేలకువేలు పడతాయి. ఒక్కసారి రుద్దిన నాణేన్ని ఏ సేకర్తా పూర్తి ధరకు తీసుకోడు. నల్లబడినది నల్లగానే ఉండనివ్వండి. పట్టుకునేటప్పుడు అంచునే పట్టుకోండి, కింద మెత్తటి గుడ్డ పరిచి ఉంచండి. వేలిముద్ర పడితే కొన్ని నెలల్లో అది గోధుమరంగు మచ్చగా లోహంలో దిగిపోతుంది.

బయట కొంటే నకిలీ భయం ఉంది. జ్ఞాపికలుగా అమ్మే ఇత్తడి, ఇనుప బిళ్లలకు వెండిపూత వేసి అసలువని అంటగట్టేవాళ్లు ఉంటారు. ముందు అయస్కాంతం పెట్టండి. అసలుదానిలో 5 శాతం నికెల్ ఉన్నా అయస్కాంతానికి అంటుకోదు, అంటుకుంటే లోపల ఇనుము. తర్వాత వందో వంతు గ్రాము చూపే తరాజు మీద బరువు, వెర్నియర్‌తో వెడల్పు. రాగి-నికెల్ బిళ్లను అదే కొలతలకు కొడితే 32.7 గ్రాముల దగ్గరే ఆగుతుంది, 35 రావాలంటే మందం పెంచాలి. ఇవి రెండూ సరిపోయినా అనుమానం తీరకపోతే నీళ్ల పరీక్ష చేయొచ్చు. తరాజు మీద డిస్టిల్డ్ వాటర్ గ్లాసు పెట్టి సున్నా చేసి, నాణేన్ని దారంతో అడుగు తగలకుండా ముంచండి. అంకె సుమారు 3.67 చూపాలి. రాగి-నికెల్ అయితే 3.9 పైన చూపుతుంది, ఇత్తడి నాలుగు దాటుతుంది. గాలిబుడగలు అంటుకుంటే లెక్క తప్పుతుంది, ఒకసారి మెల్లగా ఊపండి. ఈ పరీక్ష మామూలు ముద్రణ నాణేనికే. ప్రూఫ్ నాణేన్ని నీళ్లలో ముంచకండి, దాన్ని సీలు విప్పని ఫోల్డర్‌తో, టంకశాల బిల్లుతోనే కొనండి.

టంకశాల నుంచి నేరుగా కొనడం ఎప్పుడూ మేలు. సైఫాబాద్ పాత టంకశాల, చర్లపల్లి టంకశాలల్లో అమ్మకాలు జరుగుతాయి, ఆన్‌లైన్‌లోనూ బుకింగ్ తెరుస్తారు. ఎన్టీఆర్ నాణేనికి మొదటి రోజునే కౌంటర్ల దగ్గర బారులు తీరారు. సైఫాబాద్‌కు వెళ్తే పక్కనే ఉన్న టంకశాల మ్యూజియం చూడకుండా రాకండి. నిజాం కాలపు హాలీ సిక్కా ముచ్చట అక్కడి నేలదే. హైదరాబాద్ రాజ్యంలో పూర్తిగా చెల్లిన ఆ రూపాయి ఏడు ఇస్తే ఆరు కల్దారు (బ్రిటిష్ ఇండియా) రూపాయలు వచ్చేవి. ఈరోజు అది లీగల్ టెండర్ కాదు. హోదా ఇచ్చిన ప్రభుత్వమే దాన్ని వెనక్కి తీసుకోగలదని చెప్పడానికి అంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు. 2011 జూన్ 30తో పావలాకూ అదే జరిగింది. అర్ధరూపాయి మాత్రం ఇప్పటికీ చెల్లుతుంది, తీసుకునేవాళ్లు లేకపోయినా.

ఒకే నాణెం పాతిక ముప్పై కొని దాచి, రేటు పెరిగాక అమ్ముదామనే ఆలోచన ఉంటే మానుకోండి. అవసరానికి మించి నాణేలు పోగేసి ముఖవిలువ కాని ధరకు అమ్మే ఉద్దేశంతో దగ్గర పెట్టుకోవడాన్ని కూడా పన్నెండో సెక్షన్ ప్రస్తావించింది. అవసరం ఎంత అనేది మీ వృత్తి, వ్యాపారం చూసి తేలుస్తారు. ఇంట్లో ఒకటో రెండో దాచుకున్న సేకర్తకు ఇబ్బంది లేదు, అటక మీద సంచులు కట్టినవాళ్లకు ఉంది.

దీంతో పోల్చి చూడాల్సింది ఇండియన్ గోల్డ్ కాయిన్. 2015 నవంబరు 5న మొదలైంది. 5, 10, 20 గ్రాముల్లో, 24 క్యారెట్లు, 999 స్వచ్ఛత, బీఐఎస్ హాల్‌మార్క్, ఒకవైపు అశోక చక్రం, ఇంకోవైపు గాంధీజీ. చూడటానికి ఎన్టీఆర్ నాణెం కంటే దర్జాగా 'ప్రభుత్వపు నాణెం' అనిపిస్తుంది. కానీ తిప్పి తిప్పి చూడండి, ఎక్కడా రూపాయల అంకె ఉండదు. అంకె లేదు కాబట్టి చట్టం దృష్టిలో అది నాణెం కాదు, బంగారు బిళ్ల. బ్యాంకుకు తీసుకెళ్తే వందా ఇవ్వరు, పైసా ఇవ్వరు. బ్యాంకులు తాము అమ్మిన బంగారు బిళ్లల్ని కూడా తిరిగి కొనకూడదని రిజర్వ్ బ్యాంకు నియమం. అయినా కరిగించడానికి, గాజులు చేయించుకోవడానికి ఏ అడ్డూ లేదు. బంగారం విలువ మొత్తం మీ చేతిలో ఉంటుంది. పెట్టుబడికైతే లీగల్ టెండర్ కాని ఈ బిళ్లే మేలు. కొనేటప్పుడు 3 శాతం జీఎస్టీ, తయారీ ఖర్చు కలుపుతారు, అమ్మేటప్పుడు అవి రెండూ తిరిగి రావు. సీలు చింపకండి, చింపితే కొనేవాడు మళ్లీ పరీక్ష పేరుతో తగ్గిస్తాడు.

తిరుమలలో అమ్మే శ్రీవారి డాలర్లూ ఈ కోవలోవే. పేరు డాలరు, ఏ దేశపు డబ్బూ కాదు. మెడలో వేసుకోవడానికి చేసినవి కాబట్టి బెజ్జం, కొక్కెం వాటికి తగినవే.

మనవాళ్లు ఎక్కువగా ఉన్న అమెరికా, బ్రిటన్‌లలో ఇదే ప్రశ్న ఇంకో రూపంలో వస్తుంది. అమెరికన్ గోల్డ్ ఈగిల్ ఒక ఔన్సుది 22 క్యారెట్లు, మొత్తం 33.93 గ్రాములు, అందులో 31.1 గ్రాముల మేలిమి బంగారం. మీద రాసినది 50 డాలర్లు. అది లీగల్ టెండరే, కొట్టులో ఇస్తే 50 డాలర్ల సరుకే వస్తుంది. అర ఔన్సుది 25, పావు ఔన్సుది 10, ఔన్సులో పదో వంతుది 5. పావు ఔన్సువి నాలుగు కలిపితే ఒక ఔన్సు బంగారం, కానీ ముఖవిలువ 40 డాలర్లే. ఆ అంకెకూ లోపలి బంగారానికీ సంబంధం లేదని ఈ లెక్కే చెబుతుంది. లాస్ వేగాస్‌లో ఒక యజమాని పనివాళ్లకు జీతాలు బంగారు నాణేల్లో ఇచ్చి, ముఖవిలువనే ఆదాయంగా లెక్కేస్తే సరిపోతుందని వాదించాడు. కోర్టు ఒప్పుకోలేదు, 2009లో శిక్షపడింది. అమ్మితే వచ్చే లాభానికి అక్కడ సేకరణ వస్తువుల లెక్కన 28 శాతం దాకా పన్ను ఉండొచ్చు.

బ్రిటన్‌లో మాత్రం ఈ హోదాకు నిజంగా డబ్బు విలువ ఉంది. బ్రిటానియా, సావరిన్ బంగారు నాణేలు పౌండ్లలో లీగల్ టెండర్ కాబట్టి అక్కడ నివసించేవాళ్లు లాభానికి అమ్మినా క్యాపిటల్ గెయిన్స్ పన్ను పడదు. అదే బంగారం కడ్డీగా కొంటే పడుతుంది. అక్కడి మనవాళ్లు పెట్టుబడికి కొంటే ఈ ఒక్క కారణంతో నాణేలవైపే చూడాలి. అయితే అక్కడి టంకశాల రాయల్ మింట్ 20, 50, 100 పౌండ్ల వెండి నాణేలు ముఖవిలువకే అమ్మినప్పుడు, అవి బ్యాంకులో వేసుకోవచ్చని కొన్నవాళ్లకు బ్యాంకులు తీసుకోమని చెప్పేశాయి. అక్కడ లీగల్ టెండర్ అంటే బాకీ కింద కోర్టులో చెల్లించగల డబ్బు అని మాత్రమే. బ్యాంకు జమ చేసుకోవాలని కాదు. ఆ వెండి నాణేల్ని కొనమని ఎవరికీ చెప్పం. దక్షిణాఫ్రికా క్రూగర్‌రాండ్ మీద అసలు అంకే లేదు, అయినా అక్కడ లీగల్ టెండర్. మన చట్టానికి పూర్తిగా తలకిందులు. యూరోలో రెండు యూరోల స్మారక నాణెం యూరో వాడే ప్రతి దేశంలో చెల్లుతుంది, ఆస్ట్రియా వంద యూరోల ఫిల్‌హార్మోనిక్ బంగారు నాణెం ఆస్ట్రియాలోనే.

సావరిన్ మనకు కొత్తది కాదు. కాసు బంగారం అంటే ఎనిమిది గ్రాములు అని మనం చెప్పుకునే లెక్కకు దగ్గరి తూకం దానిదే: 7.99 గ్రాములు, 22 క్యారెట్లు. 1899 చట్టంతో ఇక్కడ 15 రూపాయలకు లీగల్ టెండర్‌గా చెల్లింది. 1918లో బొంబాయిలోనూ ముద్రించారు. ఇప్పుడు బ్రిటన్‌లో ఒక పౌండు, ఇక్కడ ఉత్త బంగారం. అమ్మమ్మల కాసులపేరులో కొక్కేలతో ఉన్న పాత సావరిన్లు నాణేలుగా చెల్లవు, తూకానికే పోతాయి. ఏవైనా కొక్కెం లేకుండా మిగిలి ఉంటే మాత్రం తూకానికి ఇచ్చేముందు సంవత్సరం, టంకశాల గుర్తు చూడండి. బొంబాయిది అయితే సంవత్సరం పైన 'ఐ' అనే ఇంగ్లిష్ అక్షరం ఉంటుంది.

విదేశాల నుంచి వచ్చేటప్పుడు ఈగిల్, బ్రిటానియా జేబులో వేసుకుని వచ్చేవాళ్లకు ఒక హెచ్చరిక. నగలకు ఉన్న సుంకం మినహాయింపు నాణేలకు లేదు. "ఇది 50 డాలర్ల నాణెం, కరెన్సీ" అన్న వాదన కస్టమ్స్ కౌంటర్లో నిలవదు. నగలు కాని బంగారం కిందే చూస్తారు. సుంకం కట్టాల్సిన సరుకు చెప్పే రెడ్ ఛానెల్‌లో చెప్పి, కొన్న బిల్లు చూపి, సుంకం కట్టి రసీదు తీసుకోండి.

ఎన్టీఆర్ నాణేనికి మా మాట ఇది: అభిమానానికి, సేకరణకు ప్రూఫ్ ఫోల్డర్ ఒక్కటి కొనండి, టంకశాల ధరకు దొరికితే అది న్యాయమైన ధరే. వెండి కోసమైతే వెండి కడ్డీ కొనండి. ఇంకో పని కూడా చేయాలి. ఫోల్డర్‌తో పాటు బిల్లు, మీ చేత్తో రాసిన ఒక చీటీ ఉంచండి. "దీన్ని బ్యాంకులో వేయొద్దు, వందే ఇస్తారు. కంసాలికి ఇవ్వొద్దు, కరిగించడం నేరం. నాణేల సేకర్తలకు చూపించండి" అని రాయండి. బీరువా రేపు తెరిచేది మీరే కాకపోవచ్చు.